ముప్పై ఆరు ఎడమ మెలికలు

ఫిబ్రవరి 3

ఈ రోజు లాబ్ తాళం తీశారు. ఈ బడిలో పదకొండేళ్ళుగా జీవశాస్త్రం చెబుతున్నాను. ఆ తాళం తీయగా చూడడం ఇది మూడోసారి. మొదటిసారి విరిగిన బల్లలు లోపల పడేయడానికి తీశారు. రెండోసారి మరికొన్ని విరిగిన బల్లలు పడేయడానికి. ఈసారి మా ప్రధానోపాధ్యాయురాలు గోడకి చార్టు తగిలించి, దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకోవడానికి. ఆవిడని మేమంతా పెద్దమేడమ్ అంటాం. చార్టు మీద అందమైన అక్షరాలతో 'మా ప్రయోగశాల' అని ఉంది. కింద నేల నిండా ఎలుక పెంటికలు. ఫొటోలో అవి పడకుండా మోకాళ్ళ పైకి తీయమంది మహాతల్లి.

మైక్రోస్కోపు ఒకటుంది. దానికి అద్దాలు లేవు. టెస్టు ట్యూబులు ఆఫీసుగదిలో ఉన్నాయి, వాటిలో పెన్నులు పెట్టుకున్నారు.

పైనుంచి ఉత్తరం కూడా వచ్చింది. పదో తరగతికి ప్రాక్టికల్ పెట్టాలట, ఇరవై మార్కులట. విషయం: డీఎన్ఏ నిర్మాణం, అది చేసే పని. 'పరికరాలు లేనిచోట స్థానికంగా దొరికే వస్తువులతో చేయించవలెను.' ఇది రాసినవాడెవడో గానీ వాడి నోట్లో మట్టిపడ. మా లాబ్‌లో స్థానికంగా దొరికేవి ఏమిటో పైనే రాశాను.


ఫిబ్రవరి 4

కిందటేడు అరటిపండుతో చేశాను. పండు పిసికి, సబ్బునీళ్ళూ ఉప్పూ కలిపి, వడగట్టి, చల్లటి స్పిరిట్ పోస్తే తెల్లగా దారాల్లా తేలుతుంది డీఎన్ఏ. తేలేది, పండ్లు ఉండి ఉంటే. తరగతి మొదలయ్యేసరికి తొక్కలు మిగిలాయి. ఎవరు తిన్నారని అడిగితే నలభై మంది ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అసహ్యం వేసింది. ఆ అసహ్యం ఇంకా పోలేదు.

ఈ ఏడు పండ్ల జోలికి పోను. తీగలూ, స్ట్రాలూ చాలు.

ఈ రోజు మాత్రం మంచి పాఠం చెప్పాను, చెప్పానని రాసుకోవడానికి నాకేం మొహమాటం లేదు. డీఎన్ఏ చేసే పని కాపీ చేయడం కదా. మొదటి బెంచీలో ఒకడికి ఇరవై అక్షరాల వరస రాసిచ్చాను. వాడు చూసి వెనక బెంచీకి రాసివ్వాలి, వాళ్ళు వెనక్కి. మూడో బెంచీలో ఒక అక్షరం తప్పింది. చివరి బెంచీ దాకా ఆ తప్పు చెక్కుచెదరకుండా వెళ్ళింది. "చూశారా, వెనకవాళ్ళెవరూ తప్పు చేయలేదు, బుద్ధిగా కాపీ చేశారు, అంతే," అన్నాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. పరికరాలు కావాలని ఏడిచేవాళ్ళు నా తరగతికి వచ్చి చూడాలి.


ఫిబ్రవరి 6

ప్రాక్టికల్ అయింది. ముప్పై ఏడు మంది వచ్చారు.

ఒక్కొక్కరికీ రెండు తీగలు, నాలుగు రంగుల స్ట్రా ముక్కలు. ఎరుపుకి ఎదురుగా పసుపే రావాలి, నీలానికి ఎదురుగా ఆకుపచ్చే రావాలి. నిచ్చెనలా కట్టాక ఒక కొస కిటికీ ఊచకి తగిలించి, రెండో కొస చేత్తో పట్టుకుని తిప్పాలి. "కుడికి తిప్పండి, డీఎన్ఏది కుడి మెలిక, ప్రాణం పోయినా మరిచిపోకండి," అన్నాను. ఇరవై రెండేళ్ళుగా చెబుతున్న మాటే. నేనే ముందు తిప్పి చూపించాను.

ముప్పై ఆరు మంది కుడికి తిప్పారు. చివరి బెంచీలో ఒక పిల్ల ఎడమకి తిప్పింది. వాళ్ళమ్మ బస్టాండు వెనక లేతు మిషను నడుపుతుంది, బోల్టులూ నట్లూ కోస్తుంది.

"ఏమ్మా, అన్నం తినే చెయ్యి ఏదో కూడా తెలీదా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు, ఏడవనూ లేదు. పెన్సిలు డబ్బా తీసి అందులోంచి ఒక మరమేకు బయటికి తీసింది. పెన్సిలు డబ్బాలో మరమేకులేమిటో నాకు అర్థం కాదు. దాన్ని తన నిచ్చెన పక్కన పెట్టి, "సార్, దీని మీద గీతలు ఎటు ఎక్కుతున్నాయో చూడండి. ఇది కుడి మర. నాదీ అలాగే ఉంది కదా. మీరు చేసింది ఎదురు మర సార్. మన వైపు కొస పట్టుకుని కుడికి తిప్పితే ఎడమ మెలికే పడుతుంది," అంది.

ముప్పై ఆరు మంది ముందు. మెల్లగా కూడా కాదు.

"నువ్వు చెప్తావా నాకు డీఎన్ఏ? వచ్చి ఇక్కడ నిలబడు, నేను అక్కడ కూర్చుంటా," అన్నాను. నిజంగానే లేచి రాబోయింది పిచ్చిది. కూర్చోమని అరిచాను. ఇరవైకి తొమ్మిది వేశాను. మిగతా అందరికీ ఇరవైకి ఇరవై.

ఆ పిల్లకి మరమేకు అని పేరు పెట్టాను. సాయంత్రానికల్లా బడంతా అదే పిలుపు.


ఫిబ్రవరి 7

తొమ్మిది తక్కువేం కాదు.


ఫిబ్రవరి 9, ఆదివారం

పొద్దున మా ఆవిడ దుప్పట్లు ఉతికి పిండుతోంది. ఊరికే, వేరే ఉద్దేశమేం లేకుండా, "ఆ కొస గట్టిగా పట్టుకో, ఇటు నేను తిప్పుతా," అన్నాను.

"ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా? ఇరవై ఏళ్ళలో ఒక్కనాడు తడిబట్ట ముట్టుకోని మనిషి!" అంటూ పట్టుకుంది.

కుడికి తిప్పాను. కుర్చీలోంచి ఊడదీసి జేబులో వేసుకున్న మరమేకు తీసి పక్కన పెట్టాను. గీతలు అటు ఎక్కుతుంటే దుప్పటి మెలికలు ఇటు ఎక్కుతున్నాయి. దుప్పటి తలకిందులు చేయమన్నాను. అంతే ఉంది. వెనకవైపు నుంచి చూశాను. అంతే ఉంది. లోపలికి తీసుకెళ్ళి అద్దం ముందు పట్టుకుంటే మాత్రం సరిగ్గా ఉంది.

"ఇల్లంతా నీళ్ళు! దుప్పటి ఎండేస్తారా, లేక దానికి కూడా మార్కులు వేస్తారా?" అని ఆవిడ అరుస్తోంది. మరమేకు మళ్ళీ జేబులో వేసుకున్నాను. తడి దుప్పటి వేరు, డీఎన్ఏ వేరు.


ఫిబ్రవరి 10

పుస్తకం తీశాను. అట్ట మీద డీఎన్ఏ బొమ్మ బ్రహ్మాండంగా ఉంది, నేను తిప్పినట్టే ఉంది. నా కడుపు చల్లబడింది. లోపల ఎనభై ఒకటో పేజీలో ఇంకో బొమ్మ ఉంది. అది ఆ పిల్ల తిప్పినట్టు ఉంది.

ఒకే పుస్తకం. అట్ట మీద ఒక రకం, లోపల ఇంకో రకం. రాసినవాళ్ళకీ సిగ్గు లేదు, బొమ్మ వేసినవాడికీ సిగ్గు లేదు, అచ్చు వేసినవాడికి అసలే లేదు. ఇలాంటి పుస్తకం పెట్టుకుని నేను ఇరవై రెండేళ్ళు పాఠం చెప్పాను, తూ.

అట్ట ప్రకారం నేను చెప్పింది రైటే.


ఫిబ్రవరి 11

మధ్యాహ్నం టిఫిను డబ్బా తెరిచేసరికి మరమేకు తల్లి స్టాఫు గదిలోకి వచ్చింది. గోళ్ళలో నల్లటి నూనె. పనిలోంచి అలాగే వచ్చేసినట్టుంది. కూర్చోమని అనాలని నాకు తోచలేదు. లెక్కల మాస్టారు కూడా అనలేదు, ఆయన అన్నం కలుపుకుంటున్నాడు.

ఆవిడ కొంగు ముడి విప్పి రెండు బోల్టులు బల్ల మీద పెట్టింది. "ఇది మామూలు మర సార్. ఇది ఎడమ మర, వెల్డింగు గ్యాసు సిలిండర్లకి అడుగుతారు. పిల్లకి నాలుగేళ్ళప్పటి నుంచి ఈ రెండింటికీ తేడా తెలుసు. అది చేసిందాంట్లో తప్పెక్కడుందో మీరు నాకు చెప్పండి, ఇంటికెళ్ళి నేనే నాలుగు తగిలిస్తా. తప్పు లేకపోతే మార్కులెయ్యండి," అంది.

నేను ఏమన్నానో ఉన్నదున్నట్టు రాస్తాను, ఈ పుస్తకం ఎవరూ చదవరు కదా. "ఏమ్మా, లేతు మీద డీఎన్ఏ కూడా కోస్తున్నారా ఏమిటి ఇప్పుడు?" అన్నాను.

లెక్కల మాస్టారు పకపకా నవ్వాడు. మెతుకులు బల్ల మీద పడ్డాయి.

ఆవిడ బోల్టులు తీసి మళ్ళీ ముడి వేసుకుంది. "మా పనిలో తప్పు కోస్తే సాయంత్రానికల్లా తిరిగొచ్చి మా మొహాన పడుతుంది సార్. మీ పనిలో ఎలాగో నాకు తెలీదు. పట్నంలో సైన్సు కాలేజీలో హాస్టలు సీటుకి ఈ ప్రాక్టికల్‌లో పదహారు రావాలంట. రాకపోతే పదో తరగతి అవగానే లేతు దగ్గర నా పక్కన నిలబడుతుంది. లేతు పని నామోషీ అని కాదు, నేను చేస్తున్నదే కదా. దానికి చదువంటే పిచ్చి," అని వెళ్ళిపోయింది.

లెక్కల మాస్టారు, "ఏం పొగరండీ బాబూ," అన్నాడు. అతని పళ్ళ మధ్య ఆకుకూర. చూసి వికారం పుట్టింది. టిఫిను డబ్బా మూసేశాను.


ఫిబ్రవరి 12

పెద్దమేడమ్ దగ్గరికి వెళ్ళాను. నేను తప్పని చెప్పడానికి కాదు, సలహాకి. తీగా స్ట్రాలూ పట్టుకెళ్ళి రెండు వైపులా తిప్పి చూపించాను. ఆవిడ రెండింటినీ అటూ ఇటూ చూసి, "రెండూ బానే ఉన్నాయి కదా మాస్టారూ, ఇంతకీ ఏది నిజం?" అంది.

నీళ్ళు నమిలాను. "ఆ పిల్లది కూడా... అంటే... ఒక రకంగా చూస్తే..."

ఆవిడకి డీఎన్ఏ తెలియదు గానీ మనుషులు తెలుసు. వెంటనే తలుపు మూసింది. "చూడండి. మీరు తప్పంటే ముప్పై ఆరు మంది తప్పు. ముప్పై ఆరు మందికి ఇరవైకి ఇరవై ఎలా వేశారని పైనుంచి అడుగుతారు. ఆ లాబ్ ఫొటోల సంగతి కూడా బయటికొస్తుంది. ఒక్క పిల్ల తప్పంటే ఎవరూ ఏమీ అడగరు."

"కానీ సీటు..."

"సీటు రావాలి, ఎందుకు రాకూడదు? మన బడికి పేరు కదా. ఓ పని చేయండి. క్షమాపణ కాగితం ఒకటి రాయించుకోండి. మీరు చెప్పినట్టు మళ్ళీ తిప్పి తెమ్మనండి. పద్దెనిమిది వేసేయండి. మీ మాటా నిలబడుతుంది, దాని సీటూ నిలబడుతుంది. శనివారం మార్కుల పట్టిక పంపించేస్తున్నాను."

ఎంత నున్నగా మాట్లాడుతుందో ఆవిడ. వింటుంటే ఒళ్ళంతా జిడ్డు పూసినట్టయింది. నేను ఒప్పుకోలేదు. తల ఊపాను, అంతే.


ఫిబ్రవరి 13

చెప్పాను. వరండాలో, ఎవరూ లేకుండా చూసి ఆ పిల్లకి చెప్పాను. రాయనంటుందనుకున్నాను. రాయనంటే బాగుండునని కూడా అనుకున్నాను, అప్పుడు ఇద్దరం పెద్దమేడమ్ గదికి వెళ్ళి గట్టిగా పోట్లాడేవాళ్ళం.

"ఎన్ని వాక్యాలు రాయాలి సార్?" అని అడిగింది.


ఫిబ్రవరి 14

కాగితం తెచ్చింది. ఇందులో అతికించాను.

'గౌరవనీయులైన జీవశాస్త్రం సార్ గారికి, ఈ నెల ఆరో తేదీన జరిగిన ప్రాక్టికల్‌లో నేను డీఎన్ఏని తప్పు వైపుకి తిప్పాను. సార్ గారు చెప్పిన వైపే సరైనది. మరమేకును చూసి పొరపాటు పడ్డాను. తరగతిలో ఎదురు మాట్లాడినందుకు క్షమించవలెను. ఇకమీదట సార్ గారు చెప్పిన వైపుకే తిప్పుతాను. ఇట్లు, మీ విద్యార్థిని.'

ఒక్క కొట్టివేత లేదు. ముందు చిత్తు రాసుకుని తర్వాత సాపు రాసినట్టుంది. చదువుతూ చదువుతూ అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను తీశాను, అక్షర దోషాలు వెతకడానికి. ఒకటీ దొరకలేదు.

కొత్త నిచ్చెన కూడా తెచ్చింది. రంగులన్నీ సరిగ్గా ఎదురెదురుగా ఉన్నాయి. ఎడమ మెలిక. ఎంత చక్కగా, ఎంత సమంగా తిప్పిందంటే, తరగతిలో మరెవరిదీ అంత బాగా లేదు. చేతిపని తెలిసిన పిల్ల కదా.

పద్దెనిమిది వేశాను. "థాంక్యూ సార్," అంది.

ఆ మొహంలో కోపం కోసం వెతికాను. కొంచెం ఉన్నా చాలు, నాకు ఊరటగా ఉండేది. లేదు. బస్సు టికెట్టు తీసుకుని కండక్టరుకి థాంక్స్ చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయింది.

చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. చేతులకేం అంటలేదు, నాకు తెలుసు. నా మీద నాకే రోత పుడుతోంది. ఇన్నాళ్ళూ ఎలుకలనీ, పెద్దమేడమ్‌నీ, అట్ట మీద బొమ్మ వేసినవాడినీ తిట్టాను. ఇదిగో ఈ కాగితం రాయించింది మాత్రం నేను.


ఫిబ్రవరి 15

పట్టిక వెళ్ళిపోయింది.


ఫిబ్రవరి 18

మా ఆవిడకి చెప్పేశాను, మొదటి నుంచీ చివరిదాకా. కూరగాయలు తరుగుతూ వింది. లేతావిడతో నేనన్న మాట దగ్గరికి వచ్చేసరికి కత్తిపీట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "ఛీ," అంది. అంతే, ఒక్క మాట. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను చాలా అంది గానీ ఆ మాట అనలేదు.

మిగతా కూరగాయలు తరిగేశాక, "మీ క్లాసులో నిజం చెప్పేయండి. పట్టిక వెళ్ళిపోయిందిగా, ఆ పిల్లకేం కాదు. ఉన్న కష్టమల్లా మీకే," అంది.

"నవ్వుతారే."

"నవ్వితే ఏం? నేను ఇరవై ఏళ్ళుగా నవ్వుతున్నా, ఏమైనా అరిగిపోయారా?"


ఫిబ్రవరి 19

రేపు చెబుతాను. చెప్పేటప్పుడు ఎక్కడ నిలబడాలో కూడా అనుకున్నాను. ఆ పిల్లని ముందుకి పిలుస్తాను. తనచేతే చెప్పిస్తాను. అందరి ముందు అవమానించాను కాబట్టి అందరి ముందే గౌరవించాలి. అలా చేస్తే ఈ రోత కొంత పోతుంది. కొంతైనా పోతుంది.


ఫిబ్రవరి 20

చెప్పాను.

కిటికీ ఊచకి తీగ నిచ్చెన కట్టి, "పిల్లలూ, ఇరవై రెండేళ్ళుగా నేను తప్పు చెబుతున్నాను," అన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వుతారని నిద్ర పాడుచేసుకున్నది నేనేనా అనిపించింది. ఒకడు తేదీ వేసుకుంటున్నాడు. ఇద్దరు స్కేలుతో మార్జిను గీసుకుంటున్నారు.

"డీఎన్ఏది కుడి మెలికే. కానీ నేను మీచేత చేయించింది ఎడమ మెలిక. మనలో ఒక్కరే సరిగ్గా చేశారు." ఆ పిల్లని అసలు పేరుతో పిలిచాను. ఎవరిని పిలుస్తున్నానో కాసేపు ఎవరికీ అర్థం కాలేదు, ఆ పిల్లకి కూడా. పక్కనున్నది మోచేత్తో పొడిస్తే లేచింది.

"ఇటు రామ్మా. ఆ రోజు నాకు చెప్పావే, అది వీళ్ళకి చెప్పు. ఏది కరెక్టు?"

బెంచీ దగ్గరే నిలబడింది. తలుపు వైపు చూసింది. "మీరు చెప్పిందే సార్," అంది.

"కాదమ్మా, నేను తప్పు చెప్పాను. ఒప్పుకుంటున్నాను కదా. నువ్వు చేసిందే సరైనది. ఎందుకో చెప్పు వీళ్ళకి."

"మీరు చెప్పిందే రైటు సార్. నేను పొరపాటు పడ్డాను."

ఆ కాగితంలో రాసిన వాక్యమే అది. బెంచీ దగ్గరికి వెళ్ళాను, మెల్లగా అన్నాను. "మార్కులు వెళ్ళిపోయాయి తల్లీ. పద్దెనిమిది పద్దెనిమిదే. ఇంక నేను కాదు కదా, పెద్దమేడమ్ కూడా మార్చలేరు. సీటుకి ఏం కాదు. నిన్ను పరీక్షించడం లేదు. నిజంగా అడుగుతున్నాను."

నమ్మలేదు. నా చొక్కా గుండీ వైపు చూస్తూ నిలబడింది. ఎందుకు నమ్మాలి? రెండు వారాల కిందట కూడా నేను ఇంత గట్టిగానే చెప్పాను.

"పోనీ ఒక్క మాట చెప్పు. నేను అప్పుడు చెప్పింది రైటా, ఇప్పుడు చెప్పింది రైటా?"

ఆలోచించింది. నిజంగా ఆలోచించింది, నాకు నచ్చే జవాబు ఏదై ఉంటుందా అని. తర్వాత చాలా మర్యాదగా అంది.

"మీరు ఏది రాయమంటే అదే సార్."

కూర్చుని, నోటుబుక్కు తెరిచి, పెన్ను మూత తీసి నా వైపు చూసింది. మిగతా ముప్పై ఆరు మంది అప్పటికే పెన్నులు పట్టుకుని కూర్చున్నారు.